కుడి డొక్కలో చిన్న గాటు

ఆడకుక్కకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయాలంటే కత్తి ఎక్కడ పెట్టాలి? పశువైద్య పుస్తకాల్లో మామూలుగా కనిపించే జవాబు: పొట్ట నడిమి గీత మీద, బొడ్డుకు కాస్త వెనక. కుక్కను వెల్లకిలా పడుకోబెడితే రెండు అండాశయాలూ గర్భసంచీ ఒకే దారిలో అందుతాయి. పెంపుడు కుక్కకు ఇది మంచి దారే. ఇంటికి పోయి శుభ్రమైన గుడ్డ మీద పడుకుంటుంది. గాయం నాక్కోకుండా మెడకు తొడుగు వేస్తారు. పది రోజులకు కుట్లు తీయించడానికి యజమాని ఆటోలో పట్టుకొస్తాడు.

బొంరాస్‌పేట రోడ్డు మీది కుక్కకు వీటిలో ఏదీ లేదు. పరిగి నుంచి కొడంగల్ పోయే లారీల దుమ్ములో, చికెన్ దుకాణం వెనక తడిలో, పొట్ట నేలకానించి పడుకుంటుంది. అడుగువైపు వేసిన కుట్టు ఊడితే పేగులు బయటికి జారే ప్రమాదముంది. పాలిచ్చే తల్లయితే గాటుకు అటూ ఇటూ పాల చన్నులే. కుట్లు తీద్దామంటే అది మళ్లీ దొరకదు. ఒకసారి వలలో పడ్డ కుక్క రెండోసారి బండి చప్పుడు వింటేనే సందులు పట్టి పోతుందని కుక్కలు పట్టేవాళ్లెవరైనా చెప్తారు.

ఈ చిక్కుకు వీధికుక్కల వైద్యులు పట్టుకున్న దారి పక్కనుంచి పోవడం, అదీ కుడి పక్కనుంచి. జైపూర్‌లోని హెల్ప్ ఇన్ సఫరింగ్ సంస్థలో ఏళ్ల తరబడి పనిచేసిన జాక్ రీస్, తన సహచరులతో కలిసి 2012లో వెటర్నరీ రికార్డ్ పత్రికలో ఈ పద్ధతిని వివరంగా రాశాడు. ఇది ఎవరో ఒక్కరు కూర్చుని కనిపెట్టింది కాదు. మన దేశంలో వీధికుక్కలకు ఆపరేషన్లు చేసిన చేతులన్నీ కలిసి సానబెట్టిన పని. దీన్ని దగ్గర నుంచి చూస్తే, ‘కుక్కలకు కుటుంబ నియంత్రణ’ అని నవ్వుతూ అనేసే మాట వెనక ఎంత పనితనం ఉందో తెలుస్తుంది.

కుడి పక్కే ఎందుకు? కుక్కలో కుడి అండాశయం ఎడమదానికన్నా కాస్త ముందుకు, పక్కటెముకల వైపు ఉంటుంది. కుడి మూత్రపిండానికి ఆనుకుని వెనగ్గా దాని చోటు. బయటికి తీయడానికి మొండికేసేది అదే. గాటు కుడివైపు పెడితే ఆ మొండిది వేలి కిందికి వస్తుంది. ఎడమదాన్ని గర్భసంచి కొమ్ము వెంట పోయి ఇవతలికి లాక్కోవచ్చు.

కుక్కను ఎడమ పక్క మీద పడుకోబెడతారు. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడుమ, వెన్నుకు కొంచెం దిగువన, అరచేయంత మేర బొచ్చు గొరుగుతారు. పనితనం ఇక్కడే మొదలవుతుంది. బ్లేడు చర్మాన్ని గీరితే తర్వాత అక్కడ మంట పుడుతుంది, మంట పుడితే కుక్క నాకుతుంది, నాకిన గాయం చీము పడుతుంది. చాలా గాయాలు చెడేది లోపలి పని వల్ల కన్నా ఈ గొరుగుడు దగ్గర తొందర వల్లే అనిపిస్తుంది. గొరిగిన చోటును మందునీళ్లతో నడుమ నుంచి అంచులకు తుడుస్తూ పోతారు. అంచుకు తగిలిన దూది మళ్లీ నడుమకు రాకూడదు.

గాటు పొడవు రెండు మూడు సెంటీమీటర్లు. కత్తి పని చర్మంతో ముగుస్తుంది. ఆ కింద మూడు పొరల కండరాలున్నాయి. ఒక్కో పొరలో నార ఒక్కో దిక్కుకు పోతుంది. వీటిని కోయరు. మొద్దు మొన ఉన్న కత్తెరను మూసి నార వెంట దూర్చి, లోపల నెమ్మదిగా తెరుస్తారు. పోగులు తెగకుండా పక్కలకు జరుగుతాయి. పని అయ్యాక పట్టు వదిలితే మూడు పొరలూ మూడు దిక్కుల నుంచి మళ్లీ దగ్గరికొస్తాయి. ఒక పొరలోని సందు మీదికి ఇంకో పొరలోని గట్టి భాగం వచ్చి కూర్చుంటుంది. కుట్టు మీద పడాల్సిన బరువు చాలావరకు కండరమే మోస్తుంది. ఈ పద్ధతి మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం ఇది. కుక్క రేపు మళ్లీ దూకుతుంది, పోట్లాడుతుంది, లారీ కింద నుంచి తప్పించుకుంటుంది. వైద్యుడు ఆ రేపటిని ముందే లెక్కలోకి తీసుకున్నాడు.

అంత చిన్న సందులోంచి లోపల కనిపించేది దాదాపు ఏమీ లేదు. పొట్ట నడిమి గాటులోలాగా తెరిచి చూసుకునే వీలు ఉండదు. చూపు చేయాల్సిన పని వేలు చేయాలి. కొందరు సన్నని కొక్కేన్ని వాడతారు, కొందరు చూపుడువేలినే నమ్ముకుంటారు. తగిలింది పేగా, కొవ్వు పొరా, గర్భసంచి కొమ్మా? చిన్న వయసు కుక్కలో ఆ కొమ్ము సన్నగా, నున్నగా జారుతుంది. పేగైతే పట్టుకున్నప్పుడు మెల్లగా ముడుచుకుంటుంది. కొమ్ము అందాక దాని వెంట ముందుకు పోతే కొవ్వు సంచిలో దాగిన అండాశయం తగులుతుంది. దాన్ని పక్కటెముకల వైపు బిగించి ఉంచే బంధం ఒకటుంది. ఆ బంధాన్ని వేలితో వదులు చేస్తేగానీ అండాశయం బయటికి రాదు. బలం చాలకపోతే అది రాదు. బలం ఎక్కువైతే పక్కనున్న రక్తనాళం చిరుగుతుంది. ఎంత బలం పెట్టాలన్నది మాటల్లో చెప్పి నేర్పగలిగేది కాదు. నీలగిరుల్లో వరల్డ్‌వైడ్ వెటర్నరీ సర్వీస్ నడిపే శిక్షణ కేంద్రానికి దేశం నలుమూలల నుంచి పశువైద్యులు వెళ్లేది ముఖ్యంగా ఇలాంటి వాటి కోసమే. డిగ్రీ చేతిలో ఉన్నా ఈ ఒత్తిడి వేలికి తెలియాలంటే నేర్పేవాడు పక్కన నిలబడాలి.

అండాశయం బయటికి వచ్చాక దాని కింది రక్తనాళాల కట్టకు పట్టుకర్రలు బిగించి, కరిగే దారంతో ముడి వేస్తారు. దారాన్ని కట్టలోంచి ఒకసారి సూదితో దూర్చి వేసే ముడి అయితే జారదు. కోశాక వెంటనే వదిలేయరు. పట్టుకర్రతో అంచును పట్టుకుని, పట్టు సడలించి, రక్తం ఊరుతుందేమో చూసి, అప్పుడు లోపలికి జారవిడుస్తారు. ఇక్కడ ఒక్క క్షణం చూసుకోకపోతే లోపల రక్తం కారుతూనే ఉంటుంది. తెల్లారేసరికి కుక్క బోనులో చనిపోయి ఉంటుంది. కుడిది అయ్యాక కొమ్ము వెంట వెనక్కి వచ్చి, రెండు కొమ్ములు కలిసే చోటు దాటి, ఎడమ కొమ్ము వెంట మళ్లీ లోపలికి పోయి రెండో అండాశయాన్ని అదే సందులోంచి తీయాలి. అన్నిటికన్నా కష్టం ఇదేనని చేసేవాళ్లంటారు. చివరికి గర్భసంచి మొదలు దగ్గర ముడి. అలవాటైన చేతికి మొత్తం పదిహేను ఇరవై నిమిషాల పని.

తీసిన అండాశయాన్ని అలాగే పారేయకూడదు, మొత్తం వచ్చిందో లేదో చూసుకోవాలి. చిన్న ముక్క లోపల మిగిలినా ఆ కుక్క మళ్లీ ఎదకొస్తుంది. ఆపరేషన్ అయినట్టు చెవికి గుర్తు ఉంటుంది కనుక దాన్ని ఎవరూ మళ్లీ పట్టరు. పిల్లలు పుట్టకపోయినా మగకుక్కల గుంపు దాని వెంట తిరుగుతూనే ఉంటుంది. ఊరు మాత్రం ‘ఆపరేషన్లన్నీ దొంగ లెక్కలు’ అంటుంది. అందుకే తీసిన అవయవాలను భద్రపరిచి, పర్యవేక్షణ కమిటీ ముందు లెక్క చూపాలన్న నియమం పెట్టారు. ఒక్కో కుక్కకు ఇంత అని డబ్బు కట్టే ఏర్పాటులో ఈ లెక్క లేకపోతే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. ఇంకో సులువు దారి కూడా ఉంది: మగకుక్కలనే ఎక్కువగా పట్టడం. మగదానికి పని తేలిక, సమయం తక్కువ, సంఖ్య బాగా కనిపిస్తుంది. కానీ ఊళ్లో ఒక్క మగకుక్క మిగిలినా ఆడకుక్కలన్నీ చూలు కట్టగలవు. ఎవరైనా ఏబీసీ (జంతు జనన నియంత్రణ) కేంద్రం లెక్కలు చూపిస్తే నేను ముందు అడిగేది అందులో ఆడవెన్ని అని.

కుట్టు విషయం. పై చర్మానికి బయట ముడి కనపడకుండా, చర్మం మందంలోనే దారం నడిపిస్తారు. కరిగే దారం కాబట్టి తీయాల్సిన పని లేదు, కొరకడానికి కొస దొరకదు. గాయం పక్కన ఉంది కాబట్టి, కుక్క నిలబడి ఉంటే పది అడుగుల దూరం నుంచే వాపు ఉందో లేదో చూడొచ్చు. మనిషిని దగ్గరికి రానివ్వని జంతువు విషయంలో ఇది పెద్ద వరం.

మత్తు గురించి కూడా ఒక మాట. వీధికుక్క ఆరోగ్యం కాగితం మీద ఉండదు. ఒంటినిండా పిడుదులు, వాటితో వచ్చే జ్వరం, ఆ జ్వరం వల్ల గడ్డకట్టని రక్తం. పెదవి ఎత్తి చిగురు రంగు చూసి, పాలిపోయి ఉంటే ఆ రోజుకు ఆపేసే వైద్యుడు నా లెక్కలో గొప్ప వైద్యుడు. జైలజిన్, కెటమిన్ సాధారణంగా వాడే మందులు. కెటమిన్ మత్తులో కుక్క కళ్లు తెరుచుకునే ఉంటాయి. ఆరిపోకుండా మలాము రాస్తారు. మత్తులో ఒంటి వేడి పడిపోతుంది. చలికాలంలో సిమెంటు గచ్చు మీద వదిలేస్తే ఆపరేషన్ బాగా జరిగినా ప్రాణం దక్కకపోవచ్చు. మెలకువ రాకముందే రేబిస్ టీకా వేస్తారు, నొప్పి మందు ఇస్తారు, చెవి అంచున చిన్న వి ఆకారపు నొక్కు కత్తిరిస్తారు. హైదరాబాద్ వీధుల్లో కుక్కల చెవులు గమనించేవాళ్లకు ఆ నొక్కు పరిచయమే. పరిగి దాటి ఇటు వస్తే మా వైపు నిండు చెవులే ఎక్కువ.

ఇక పట్టేవాళ్ల సంగతి. పట్టుకోవడం అనేది ఆపరేషన్‌కు ముందు జరిగే చిల్లర పని అనుకుంటారు గానీ, ఫలితంలో సగం వాళ్ల చేతిలోనే ఉంది. మెడకు ఇనుప పటకారు, తీగ ఉచ్చు వేసి ఈడ్చే పద్ధతులు క్రూరమైనవి, పనికీ చేటు. గొంతు వాచిన కుక్కకు మత్తు ఇవ్వడం కష్టం. భయంతో వణికే కుక్కకు మామూలు మోతాదు పట్టదు. ఇప్పుడు నేర్పేది వల. పొడవాటి పిడికి గుండ్రని చట్రం, దానికి లోతైన వల. తెల్లవారుజామున, వాహనాలు లేనప్పుడు, కుక్క లేచి ఒళ్లు విరుచుకునే వేళకు పోతారు. ముందు నుంచి పోరు. ఒకడు దాని చూపు తనవైపు తిప్పుకుంటాడు, రెండోవాడు వెనక నుంచి వల వేసి చట్రాన్ని నేలకు నొక్కి, పిడిని తిప్పి వలను మెలిపెడతాడు. కుక్క సంచిలో ఉన్నట్టు అయిపోతుంది. అరుపు లేస్తే ఆ వీధిలో ఇంకో కుక్క దొరకదు కాబట్టి, చప్పుడు లేకుండా పట్టడం దయ మాత్రమే కాదు, వృత్తి లాభం కూడా.

పట్టిన చోటు రాసుకోవడం ఈ పనిలో అందరూ తక్కువగా చూసే భాగం. ఏ వీధి, ఏ గుడి ముందు, ఏ దుకాణం దగ్గర, ఏ రంగు కుక్క, ఏ నంబరు బిళ్ల. 2001 నాటి కేంద్ర నియమాలూ, వాటి స్థానంలో 2023 మార్చి 10న వచ్చిన జంతు జనన నియంత్రణ నియమాలూ పట్టిన చోటే వదలాలని చెప్తాయి. దీన్ని కుక్కల మీద ప్రేమగా చూసేవాళ్లున్నారు, కుక్కల పక్షపాతంగా చూసేవాళ్లూ ఉన్నారు. అసలు కారణం వేరు. తిండి ఉన్న చోటును కాపలా కాసే గుంపును తీసేస్తే, ఆ తిండి కోసం పక్క గుంపు వస్తుంది. వచ్చేవాటికి టీకా ఉండదు, ఆపరేషన్ ఉండదు. తెలియని చోట వదిలిన కుక్క అక్కడి గుంపుతో పోట్లాడి చస్తుంది, లేదా చంపుతుంది. ఆపరేషన్ అయి టీకా పడ్డ కుక్క తన సందులోనే ముసలిదై పోవడం ఆ సందుకు మేలు.

ఇప్పుడు మన రైతులు కార్తెల లెక్కలో ఎప్పుడో పట్టుకున్న సంగతికి వస్తాను. చిత్తకార్తె కుక్కలన్న మాట తెలియని ఊరు లేదు. అక్టోబరు 10, 11 ప్రాంతంలో మొదలై రెండు వారాలుండే ఆ కార్తెలో ఊరి కుక్కలన్నీ గుంపులు కడతాయి. వానాకాలం చివర్లో మన దేశపు వీధికుక్కలు ఎక్కువగా ఎదకొస్తాయని జైపూర్ పరిశీలనలూ రాసిపెట్టాయి. చూలు కాలం రెండు నెలల పైచిలుకు, అంటే దాదాపు 63 రోజులు. చిత్తకార్తెలో కలిసిన కుక్క ధనుర్మాసం చలిలో ఈనుతుంది. పిల్లలను కాపాడుకునే తల్లి దారినపోయేవాళ్ల మీదికి వస్తుంది. జైపూర్‌లో ఆపరేషన్ల కార్యక్రమంతోపాటు కుక్కకాట్లు తగ్గాయని రీస్ బృందం 2013లో ప్రచురించిన అధ్యయనం చెప్పింది. కాట్ల పెరుగుదల తల్లికుక్కల కాలాన్ని అనుసరిస్తోందని కూడా అందులో ఉంది. కాబట్టి డిసెంబరు, జనవరుల్లో పిల్లల మూకలు చూసి ఫిర్యాదు రాయడం ఆలస్యం. ఆడకుక్కలకు ఆపరేషన్లు ఉత్తర కార్తె దాటకముందే అయిపోవాలి. బడ్జెట్ విడుదలయ్యే తేదీ చూసుకుని శిబిరం పెట్టే అధికారి ముందు కార్తెల కేలండర్ చూసుకోవాలి.

అలా పుట్టిన పిల్లల్లో ఎన్ని బతుకుతాయి? కోల్‌కతా వైపు ఐసర్ సంస్థ పరిశోధకులు 364 వీధికుక్క పిల్లలను గమనించారు. పిల్లలు పెట్టే వయసు దాకా బతికినవి నూటికి 19. పోయినవాటిలో సగానికి పైగా మనుషుల వల్లే పోయాయి. ఆపరేషన్ వద్దనేవాళ్లు ‘ప్రకృతి ధర్మం’ అంటుంటారు. బండి చక్రం కింద, సంచిలో కట్టి వదిలేసిన చెరువు గట్టున అమలయ్యేది ఆ ధర్మమే కాబోలు.

కుక్కలను పట్టి, ఆపరేషన్ చేసి, వదిలే ఈ పద్ధతికి మూలం మన పక్కనే ఉంది. 1959లో కెప్టెన్ వి. సుందరం చెన్నైలో బ్లూ క్రాస్ ఆఫ్ ఇండియా స్థాపించారు. అక్కడి కార్పొరేషన్ దశాబ్దాలుగా కుక్కలను పట్టి చంపుతూ వచ్చింది, అయినా కుక్కలు తగ్గలేదు. చంపడం బదులు ఆపరేషన్ చేద్దామని ఆ సంస్థ 1964లో ప్రతిపాదించింది. సుందరం కొడుకు చిన్ని కృష్ణ ఆ ప్రతిపాదనను పట్టుకుని తిరిగాడు. కార్పొరేషన్ ఒప్పుకున్నది 1996లో. ముప్పై రెండేళ్లు! జైపూర్‌లో 1994 నుంచి 2002 దాకా దాదాపు 25 వేల కుక్కలకు ఆపరేషన్, టీకా చేశారు. కార్యక్రమం నడిచిన ప్రాంతంలో కుక్కల సంఖ్య 28 శాతం తగ్గింది, మనుషుల్లో రేబిస్ మరణాలు సున్నాకు దిగాయి. మన దగ్గర అక్కినేని అమల 1992లో బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ మొదలుపెట్టారు. విశాఖపట్నంలో జంతు సంరక్షణ సంస్థ వీఎస్‌పీసీఏ 1996 నుంచి ఉంది. జీహెచ్‌ఎంసీ కేంద్రాలు ఫతుల్లాగూడ, చుడీబజార్, ఆటోనగర్ లాంటి చోట్ల నడుస్తున్నాయి. దేశం మొత్తాన్నీ ఒక ప్రయత్నంగా తీసుకున్నది భూటాన్. 2023లో తమ వీధికుక్కలన్నిటికీ ఆపరేషన్ పూర్తయిందని ప్రకటించింది.

ఇంత మెచ్చుకుంటున్నానని కాటు తిన్నవాళ్ల బాధను పక్కన పెట్టడం లేదు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును కుక్కలు చంపిన వీడియో చూసినవాళ్లకు ఏ పద్ధతి గురించి చెప్పినా చెవికెక్కదు, ఎక్కాలని అడగడం న్యాయం కూడా కాదు. 2024లో దేశంలో నమోదైన కుక్కకాట్లు 37 లక్షలు. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ధర్మాసనం ఢిల్లీ కుక్కలన్నిటినీ పట్టి షెల్టర్లలో పెట్టమంది. అదే నెల 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని మార్చి, ఆపరేషన్, టీకా చేసి వదలాలనీ, రేబిస్ ఉన్నవాటినీ మీదికి ఎగబడేవాటినీ వదలకూడదనీ చెప్పింది. నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్ల లాంటి చోట్ల నుంచి కుక్కలను తొలగించి మళ్లీ అక్కడ వదలొద్దంది. ఈ తర్జనభర్జన ఇప్పట్లో తేలేది కాదు. ఏ తీర్పు నిలిచినా పట్టే చెయ్యి, కోసే చెయ్యి కావాల్సిందే. ఉన్న చేతులు కొన్నే.

రేబిస్ దగ్గర ఇంకో పనితనం కనిపిస్తుంది, అది మనుషుల దవాఖానలో. ఒకప్పుడు కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు. గొర్రెల మెదడు నుంచి తీసిన ఆ పాత టీకాను మన దేశం 2004 చివర్లో మానేసింది. ఇప్పటి టీకాను చర్మం మందంలోకి ఇచ్చే పద్ధతి 2006 నుంచి అనుమతిలో ఉంది. రెండు భుజాలకు 0.1 మిల్లీలీటరు చొప్పున, మొదటి రోజు, 3, 7, 28వ రోజుల్లో. సూది దాదాపు చర్మానికి సమాంతరంగా పోవాలి. సరిగ్గా పడితే మందు చర్మం మీద కందిగింజంత బొడిపెగా లేస్తుంది. తాండూరు కందుల నేల మీద పనిచేసే నర్సమ్మకు ఈ కొలత వేరే నేర్పక్కర్లేదు. బొడిపె లేవకపోతే మందు లోతుకు పోయినట్టు, మళ్లీ వేయాలి. ఒక్క సీసాతో ఎక్కువమందికి సరిపోతుంది కాబట్టి పల్లె దవాఖానకు ఈ పద్ధతి ప్రాణం. అంతకన్నా ముందు చేయాల్సింది ఇంటి దగ్గరే. గాయాన్ని పారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగడం. పసుపు, కారం, సున్నం పెట్టకూడదు. చర్మం చీలి రక్తం వచ్చిన గాయమైతే ఇమ్యునోగ్లోబులిన్ మందును గాయంలోనే ఎక్కించాలి. లక్షణాలు మొదలయ్యాక చేయగలిగింది ఏమీ ఉండదు. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి అప్పుడు తీసుకెళ్లినవాళ్లు ఆ మాట చెప్తారు. అభయరాబ్ లాంటి టీకాలు తయారుచేసే ఇండియన్ ఇమ్యునోలాజికల్స్ మన హైదరాబాద్‌దే. టీకా మన గడపలో ఉంది. చావులు ఇంకా ఎందుకు జరుగుతున్నాయంటే ఎక్కువసార్లు ఆలస్యం వల్ల, ‘చిన్న గీరే కదా’ అనుకోవడం వల్ల.

పిల్లుల గురించి రెండు మాటలు. వాటికి వల పనికిరాదు, బోను కావాలి, బోనులో ఎండుచేప. పగటివేళ పెరిగే కాలంలో మళ్లీ మళ్లీ ఎదకొస్తాయి. పిల్లలకు పాలిస్తూనే మళ్లీ చూలు కట్టగలవు. వీటికీ డొక్క గాటే వాడతారు, ఇంకా చిన్నది. పిల్లి కరిచినా, రక్తం వచ్చేలా గీరినా దవాఖానకు పోవాల్సిందే. పిల్లిని ఊరు సమస్యగా లెక్కపెట్టదు గనుక దీన్ని ఎవరూ పట్టించుకోరు.

మా వైపు పల్లెల్లో ఏం చేయొచ్చు? 2016 దాకా బొంరాస్‌పేట, కొడంగల్, దౌల్తాబాద్ మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేవి. ఆ జిల్లాలోనే అడ్డాకుల మండలం పొన్నకల్‌లో 2024 ఫిబ్రవరిలో రాత్రివేళ ఇరవై దాకా కుక్కలను తుపాకీతో కాల్చి చంపారు. పరాయి ఊరి సంగతిగా చూడలేను. గొర్రెల మందలో కుక్కలు పడి పది గొర్రెలు పోయిన కురుమ ఇంటికి పోయి నియమాల పుస్తకం చదివితే వాళ్లు వినరు, వినకపోవడం తప్పూ కాదు. వాళ్లకు కావాల్సింది వచ్చే ఏడు ఆ గుంపు పెరగకుండా చూసే మనిషి. 2023 నియమాల ప్రకారం ఆ బాధ్యత పంచాయతీలది కూడా. ఒక్కో పంచాయతీ ఆపరేషన్ థియేటర్ కట్టలేదు. నాలుగైదు మండలాలకు కలిపి తాండూరులోనో కొడంగల్‌లోనో ఒక కేంద్రం, వల పట్టడం నేర్చిన నలుగురు, కుక్కల లెక్క, ఇవి మాత్రం సాధ్యమే. ఊళ్లో వంద కుక్కలుంటే కనీసం డెబ్బైకి టీకా పడాలి. అంతకు తగ్గితే రేబిస్ గొలుసు తెగదు. డెబ్బై కుక్కలంటే రెండు మూడు తెల్లవారుజాముల పని. దాంతోపాటు ఆదివారం చికెన్ దుకాణాల వ్యర్థాలు గుంటలో పడి మూతపడాలి. లేకపోతే ఎన్ని ఆపరేషన్లు చేసినా తిండి కొత్త నోళ్లను పిలుస్తూనే ఉంటుంది.

కొడంగల్ ప్రాంతానికి ప్రభుత్వం పశువైద్య కళాశాల ప్రకటించింది. అది నడవడం మొదలైతే విద్యార్థులకు చేతినిండా ఆపరేషన్లు కావాలి. కుడి అండాశయం ఎంత లోతుందో, ఆ బంధం ఎంత బలానికి వదులవుతుందో వాళ్ల వేళ్లకు తెలియాలి. చదువుకు కావాల్సిన కుక్కలు బొంరాస్‌పేట, దుద్యాల, దౌల్తాబాద్ వీధుల్లోనే ఉన్నాయి. మొదటి శిబిరం జూన్‌లో పెడితే, చిత్తకార్తె వచ్చేలోపు నాలుగు నెలల సమయం దొరుకుతుంది.